మంజీర హస్తవాసి

మంజీరకి కావలసింది ఒక్క సంతకం. థీసిస్ అచ్చయి, నల్ల అట్ట తొడుక్కుని, వారం నుంచి మేడమ్ బల్ల మీద పడి ఉంది. పుణేలో ఒక ఉద్యోగం ఆ సంతకం కోసం కాచుకుని కూచుంది. మేడమ్ మాత్రం రోజూ ఆ కట్టని ఒకసారి చేత్తో తడిమి, పక్కకి జరిపి, మరో పని చూసుకుంటున్నారు.

మేడమ్ అంటే సౌదామిని. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఏళ్ళ తరబడి ప్రోటీన్ల మీద పనిచేస్తున్న మనిషి. ఆవిడ మాట్లాడేది తక్కువ. ప్రశ్న అడిగితే ఒక్కోసారి జవాబుకి బదులు ఒక గాజునాళిక చేతిలో పెడతారు, ఒక్కోసారి లేచి కిటికీ తెరుస్తారు. అర్థమైన శిష్యులు బాగుపడ్డారు. కానివాళ్ళు ఆవిడకి పొగరని చెప్పుకున్నారు. మగ ప్రొఫెసర్ మాట్లాడకపోతే జ్ఞాని అనేవాళ్ళే ఈ మాటా అన్నారు.

ఇక ఆగలేక మంజీర వెళ్ళి మేడమ్ ఎదురుగా నిలబడింది.

"థీసిస్‌లో తప్పేమన్నా ఉందా మేడమ్?"

"ఏమో. నువ్వే చెప్పాలి."

"ఇన్నేళ్ళలో నా బ్లాట్ ఒక్కటన్నా ఫెయిలయిందా? నా చేతి మీద మీకు నమ్మకం లేదా?"

అది పొగరని మంజీర అనుకోలేదు. ల్యాబంతా అనే మాటే తనూ అన్నది.

వాళ్ళ పని అలాంటిది. కణాలని నలగ్గొట్టి, అందులోని ప్రోటీన్లని పరిమాణాన్ని బట్టి వరసగా విడదీసి, ఒక తెల్లటి పొర మీదకి ఎక్కిస్తారు. బ్లాట్ అంటే అదే. ఆ వేల ప్రోటీన్లలో తమకి కావలసిన ఒక్కదాన్ని పట్టుకోవడానికి పొరని యాంటీబాడీ కలిపిన ద్రావణంలో నానబెడతారు. యాంటీబాడీ దాన్ని పట్టుకున్న చోట మెషిన్‌లో నల్లటి గీత కనిపిస్తుంది. దాన్ని బ్యాండ్ అంటారు. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా బ్యాండ్ రాక, అన్నం సయించక తిరిగిన రోజులు ఉంటాయి. మంజీరకి లేవు.

డాక్టర్లకి ఉన్నట్టే ల్యాబుల్లోనూ హస్తవాసి అని ఒకటుంటుందని అక్కడ అందరి నమ్మకం. దేవుడూ లేడు దయ్యమూ లేదని క్యాంటీన్‌లో గొంతు చించుకునే పిల్లలే, పొరని యాంటీబాడీలో వేసే ముందు మంజీర దగ్గరికి డబ్బా తెచ్చి, "అక్కా, ఒక్కసారి నీ చెయ్యి పెట్టు" అనేవాళ్ళు. ఆమె నవ్వుతూ డబ్బాని వేలితో తాకేది. మర్నాడు గీత వస్తే ఆమె మహిమ. రాకపోతే వాళ్ళ ఖర్మ.

ఆమె ప్రశ్నకి మేడమ్ కుర్చీలోంచి లేచారు. బయటికి వెళ్ళి, ఫ్రీజర్ తెరిచి, ఒక బుల్లి సీసా తెచ్చి మంజీర అరచేతిలో పెట్టారు. మూత మీద మంచు పేరుకుని ఉంది. చెయ్యి జిల్లుమంది.

"ఇది కలిపి ఒకసారి చూడు."

అదేమిటో మంజీరకి తెలుసు. బ్లాకింగ్ పెప్టైడ్. ప్రోటీన్‌లో ఒక చిన్న ముక్క, కంపెనీవాళ్ళు మెషిన్ మీద పూసల్లా గుచ్చి తయారు చేసింది. ఆ ముక్కనే కుందేలుకి ఎక్కించి, దాని రక్తంలోంచి యాంటీబాడీ తీస్తారు. పొర మీద వెయ్యడానికి ముందే యాంటీబాడీలో ఈ ముక్కని కలిపేస్తే, అది దీన్ని పట్టుకుని కూచుంటుంది. పొర మీద ఉన్న అసలు ప్రోటీన్‌ని పట్టుకోవడానికి దానికి చోటుండదు. గీత మాయమవ్వాలి. మాయమైతే యాంటీబాడీ పట్టుకున్నది పట్టుకోవలసినదాన్నేనని ఒక నమ్మకం. ఇదంతా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. చెయ్యాలనీ తెలుసు. బ్యాండ్ వస్తున్నప్పుడు దాన్ని మాయం చేసే పని ఎవరు నెత్తికెత్తుకుంటారు?

"ఇప్పుడెందుకు మేడమ్ ఇది? ఉట్టి కాలయాపన కదా" అంది మంజీర.

మేడమ్ బల్ల సొరుగు లాగారు. అందులో ఎప్పుడూ జామకాయలుంటాయి, సంస్థ వెనక ఉన్న చెట్టువి. మంజీర చేతిలోని సీసా తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ పట్టమన్నారు. ఒక్కొక్క కాయే తీసి ఆ దోసిట్లో పేర్చారు. చివరి కాయ జారిపోబోతే మంజీర గడ్డంతో అదిమి పట్టుకుంది.

అప్పుడు మేడమ్ నల్ల అట్ట థీసిస్ తీసి చాపారు. "ఇదిగో, తీసుకో."

"ఎలా తీసుకోను మేడమ్? చేతులు నిండుగా ఉన్నాయిగా."

"అయినా పట్టుకున్నావనుకో."

గడ్డం కింద జామకాయతో మంజీర కాసేపు ఆలోచించింది.

"అప్పుడు దాన్ని పట్టుకున్నది నా చెయ్యి కాదు" అంది.

మేడమ్ థీసిస్ బల్ల మీద పెట్టి, కాయలన్నీ మళ్ళీ సొరుగులో వేసి, ఒక్కటి మాత్రం మంజీరకి వదిలారు. ఇక వెళ్ళమని దాని అర్థం.

మంజీర సీసా తీసుకుని తన బల్ల దగ్గరికొచ్చి కూచుని చూసుకుంది. మంచు కరిగి మూత మీద రాత బయటపడింది. ల్యాబ్‌లో అందరూ తమ పేరు గుర్తుకి ఇంగ్లీషు పొడి అక్షరాలు రాస్తారు. ఈ మూత మీద తెలుగులో గుండ్రంగా 'సు' అని ఉంది.

అలా రాసే మనిషి ఆ ల్యాబ్‌లో ఒక్కతే ఉండేది. సువార్త.

సువార్తా మంజీరా ఒకే ఏడు చేరారు. సువార్తది చీరాల దగ్గర పల్లె. వాళ్ళ పేటలో సైన్సులో అంత దూరం వచ్చిన మొదటి ఆడపిల్ల. చేరిన రెండో ఏట కొడుకు పుట్టాడు. పసివాణ్ణి క్రెష్‌లో వదిలి వచ్చేది, సాయంత్రం ఐదు కొట్టేసరికి సంచీ భుజాన వేసుకునేది. ఆమె లేచిందంటే ల్యాబ్‌లో అందరూ గోడ గడియారం వంక చూసేవాళ్ళు. పొద్దున్న అందరికంటే ముందొచ్చి ఆమె తాళం తీసినప్పుడు గడియారం చూడ్డానికి అక్కడెవరూ ఉండేవాళ్ళు కాదు.

ఇద్దరికీ ఒకటే ప్రశ్న ఇచ్చారు మేడమ్. చక్కెర జబ్బు తెప్పించిన ఎలకల మూత్రపిండాల్లో ఒక ప్రోటీన్ ఉందా, లేదా. యాంటీబాడీ ఒకటే, ఎలకలూ అవే. మంజీర పొర మీద గీత నల్లగా, బొగ్గుతో గీసినట్టు వచ్చేది. సువార్త పొర తెల్లగా ఉండేది.

తేడా ఎక్కడుందో అందరి కళ్ళముందూ ఉంది. సువార్త పొరని కడిగేది. ఉప్పు నీళ్ళు మార్చి మార్చి, డబ్బా ఊపే మెషిన్ పక్కనే నిలబడి, యాంటీబాడీ అంటీ అంటనట్టు పట్టుకున్నవన్నీ పోయేదాకా కడిగేది. మంజీర పైపైన ఒకసారి తొలిపి తీసేది. "మరీ కడిగితే బ్యాండ్ పోతుందిరా" అని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది. గీత పలచగా ఉంటే మెషిన్‌లో ఇంకాసేపు ఉంచేది, నల్లబడేదాకా.

ఒకసారి ల్యాబంతా వింటుండగా మంజీరే అంది, "సువార్త బ్లాట్ చెయ్యదమ్మా, బట్టలుతుకుతుంది" అని. అందరూ నవ్వారు. ఫణి అనే కుర్రాడు కుర్చీలోంచి పడిపోయినంత పని చేశాడు. ఆ మాటలో ఏముందో, అది పేట నుంచొచ్చిన పిల్లకి ఎక్కడ తగులుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఉతికిందీ ఆడదే, అన్నదీ ఆడదే. ఇక అందులో తప్పేముంది? ఆ రోజు నుంచి ఆమె డబ్బా పట్టుకుని సింక్ వైపు నడిస్తే ఎవరో ఒకరు సబ్బు కావాలా అని అడిగేవాళ్ళు. ఆమె మళ్ళీ కడిగేది.

పెప్టైడ్ తెప్పించిందీ ఆమే. ల్యాబ్ మీటింగ్‌లో ఆమె లేచి, రాసుకున్నది చదువుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. మంజీర బ్యాండూ తన తెల్ల పొరా రెండూ నిజం కాలేవు, పెప్టైడ్ కలిపి ఇద్దరి పొరలూ ఒకేసారి చూద్దాం అని. మంజీర పెన్ను తిప్పుతూ జవాబిచ్చింది.

"బ్యాండ్ లేనివాళ్ళకి పెప్టైడ్ దేనికి సువార్తా? మాయం చెయ్యడానికి ముందు ఏదో ఒకటి ఉండాలిగా."

ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. మేడమ్ నవ్వలేదు. ఆపనూ లేదు. ప్రాజెక్ట్ డబ్బు మంజీర బ్యాండ్ చూపించాక వచ్చింది. మేడమ్ కాగితాలు సర్దుకుని తరవాతి విషయం ఏమిటని అడిగారు.

ఆ ఏడాది కమిటీ సువార్తకి చేతిపనిలో నైపుణ్యం లేదని రాసింది. ఫెలోషిప్ పొడిగించలేదు. ఆమె చివరి రోజున తన గాజు సామానంతా కడిగి, బోర్లించి, ఐదింటికి వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా అందరూ గడియారం చూశారు.

సీసా మంజీర చేతిలో మామూలు చల్లదనానికి వచ్చింది.

ఆమె ఆ పని ఒళ్ళు మరిచి చేసింది. ఎలాగైనా గీత మాయమై తీరుతుందన్న ధీమా ఇంకా ఉంది. అవే నమూనాలు రెండు పొరల మీదకి ఎక్కించింది. ప్రతి పొరకీ రెండు వరసలు. ఒక వరసలో ఆ ప్రోటీన్‌ని కావాలని తయారు చేయించిన కణాలు. వాటిలో అది ఉన్న మాట ఖాయం. రెండో వరసలో జబ్బు ఎలక మూత్రపిండం. ఒక పొరకి ఉట్టి యాంటీబాడీ, రెండో పొరకి పెప్టైడ్ కలిపిన యాంటీబాడీ. మిగతాదంతా తన అలవాటు ప్రకారమే చేసింది, కడగడంతో సహా. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ క్యాంటీన్‌కి పోయాక, రెండు పొరలూ మెషిన్‌లో పెట్టింది.

మొదటి పొర మీద రెండు గీతలు, పక్కపక్కనే, ఒకే ఎత్తులో. ఇన్నేళ్ళుగా చూస్తున్నవే.

రెండో పొర మీద కణాల వరసలో గీత లేదు. తుడిచేసినట్టు పోయింది. మూత్రపిండం వరసలో గీత ఉంది. వెంట్రుకవాసి కూడా తగ్గకుండా, నల్లగా.

పెప్టైడ్ పనిచెయ్యలేదనుకోవడానికి వీల్లేదు. పక్కనే పనిచేసి చూపించింది. చేతులు రెండూ నిండిపోయాక కూడా ఏదో పట్టుకుని ఉంది. అది చెయ్యి కాదు. కుందేలు రక్తంలోంచి వచ్చిన యాంటీబాడీల్లో ఏ తుంటరిదో, అసలు ప్రోటీన్‌తో సంబంధం లేని, అదే పరిమాణమున్న మరో ప్రోటీన్‌ని పట్టుకుని ఇన్నాళ్ళూ వేళ్ళాడుతోంది. తన థీసిస్‌లో మూడో అధ్యాయమంతా దాని గురించే.

మంజీర రెండో పొరని తీసి సింక్ దగ్గరికి నడిచింది. ఉప్పు నీళ్ళు కలిపింది, సువార్త కలిపినట్టు. పోసింది, ఊపింది, పారబోసింది, మళ్ళీ పోసింది. భోజనాలు ముగించుకుని వచ్చిన ఫణి ఆమెని చూసి, అలవాటు కొద్దీ, "ఏంటక్కా, నువ్వూ ఉతుకుతున్నావా? సబ్బు కావాలా?" అన్నాడు.

ఆమె తలెత్తి వాడి వంక చూసింది. ఆ మాట వాడిది కాదు. తన నోట్లోంచి వచ్చి, వాడి నోట్లో కాపురం పెట్టి, ఇవాళ సొంతింటికి తిరిగొచ్చింది. ఫణి నవ్వు సగంలో ఆపి తన బల్ల వైపు వెళ్ళిపోయాడు.

సాయంత్రం పొరని మళ్ళీ మెషిన్‌లో పెట్టింది. తెల్లగా ఉంది. సువార్త పొర ఎలా ఉండేదో అలా.

ఫోన్ నంబరు వెతకాల్సి వచ్చింది. సువార్త ఇప్పుడు చీరాలలో ఒక ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. మర్నాడు పొద్దున్న ఫోనెత్తి, గొంతు గుర్తుపట్టింది.

"చెప్పు మంజీరా. ల్యాబ్‌లో ఉన్నా. పిల్లలు బ్యూరెట్‌లు పట్టుకుని నిలబడ్డారు. వీళ్ళూ నీలాగే, ఒక్కరూ కడగరు."

మంజీర అంతా చెప్పింది. పెప్టైడ్ గురించి, మూత మీద అక్షరం గురించి, గీత గురించి.  అంతా విన్నాక సువార్త ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎంతసేపు కడిగావు?"

మంజీర చెప్పింది.

"సరిపోతుంది" అంది సువార్త.

మంజీర వెనక్కి రమ్మంది. మేడమ్‌తో తనే మాట్లాడతానంది. సువార్త నవ్వింది. ఫెలోషిప్ వయసు దాటిపోయిందని చెప్పింది, పిల్లాడు ఒకటో తరగతిలో పడ్డాడని చెప్పింది.

"ఇక్కడ జీతం ఏపాటిదిలే. కాని ఐదింటికి నేను సంచీ తీస్తే ఎవరూ గోడ వంక చూడరు."

"పోనీ, పేపర్ రాసినప్పుడు నీ పేరు ముందు పెడతాను."

"పెట్టు. అది నాదే కదా. థాంక్స్ చెప్తానని మాత్రం అనుకోకు."

మంజీర అసలు చెప్పాలనుకున్న మాట ఇంకా చెప్పలేదు. దానికి తగిన మొదలు దొరకలేదు. "సువార్తా, ఆ రోజు మీటింగ్‌లో నేను..." అనేసరికి అవతల బెల్ మోగింది, కుర్రకారు బిలబిలమని లేచిన చప్పుడు వినిపించింది. సింక్ దగ్గర తోసుకోవద్దని సువార్త వాళ్ళని కేకేసింది. ఆ తరవాత ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

సోమవారం మీటింగ్‌లో మంజీర రెండు పొరల బొమ్మలూ అందరికీ చూపించింది. మూడో అధ్యాయం తీసేస్తున్నానని చెప్పింది. సువార్త పొర తెల్లగా ఉండడానికి కారణం ఆమె చెయ్యి మంచిది కాకపోవడం కాదని, అక్కడ నిజంగా ఏమీ లేకపోవడమని చెప్పింది. ఉతకడం అన్న మాట అన్నది తనేనని కూడా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళకి సువార్త ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళు బల్ల వంక చూశారు. ఆ తరవాత మంజీర చెయ్యి పెట్టమని డబ్బా తెచ్చినవాళ్ళు లేరు.

పుణే వాళ్ళు మరొకరిని తీసుకున్నారు. మంజీర థీసిస్ వెనక్కి తీసుకోవడానికి మేడమ్ గదికి వెళ్ళింది. కట్ట అక్కడే ఉంది, జరిపి జరిపి బల్ల అంచుకి చేరింది. సగం ఖాళీ అయిన పెప్టైడ్ సీసా కూడా తెచ్చింది, ఫ్రీజర్‌లో పెట్టే ముందు మేడమ్‌కి చూపించడానికి. 'సు' అన్న అక్షరం తడికి కాస్త చెరిగింది.

మేడమ్ ఏదో చదువుకుంటున్నారు. మంజీర కట్టని గుండెలకి ఆనించుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఆగింది.

"ఒక్క మాట మేడమ్. ఈ సీసా ఆ రోజు కూడా ఫ్రీజర్‌లోనే ఉంది. ఆ మీటింగ్ రోజునే నా చేతిలో ఎందుకు పెట్టలేదు?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.  సొరుగు కాస్త తెరిచి ఉంది, అందులో జామకాయలు మగ్గి గదంతా వాసన వేస్తోంది.

"ఆ రోజు నీ చేతులు ఖాళీగా లేవు" అన్నారు.

మంజీర తల వంచుకుని వెళ్ళబోతుంటే, వెనక నుంచి, ఎవరికీ కాదన్నట్టుగా, ఆ గొంతే మళ్ళీ వినిపించింది.

"నావీ లేవు."